భూమి లోపలి పొరలు: ఒకే గోళానికి రెండు లెక్కలు

భూమి లోపల పొరలెన్ని అని అడిగితే ఒక పుస్తకం మూడు అంటుంది, మరొకటి నాలుగు అంటుంది, ఇంకొకటి ఐదు చూపిస్తుంది. భూపటలం, భూప్రావారం, కేంద్రకం అని ఒకచోట నేర్చుకున్నవారికి మరోచోట శిలావరణం, ఆస్థెనోస్ఫియర్ అన్న పేర్లు ఎదురవుతాయి. వీటిని మొదటి జాబితాలో ఎక్కడ ఇమడ్చాలో తోచక, శిలావరణమంటే భూపటలానికే మరో పేరు కాబోలు అనుకుని చాలామంది ముందుకు సాగిపోతారు. కొన్ని పాఠ్యపుస్తకాలే ఆ రెండింటినీ ఒకటిగా రాస్తున్నప్పుడు చదివేవారిని తప్పుపట్టి లాభం లేదు. నిజానికి ఇక్కడున్నవి రెండు వేర్వేరు జాబితాలు. ఏ లోతులో ఏ పదార్థం ఉందన్న ప్రశ్నకు మొదటిది జవాబు. ఆ పదార్థం అక్కడి వేడికీ ఒత్తిడికీ గట్టిగా నిలుస్తుందా, మెల్లగా సాగుతుందా, ద్రవమై పారుతుందా అన్న ప్రశ్నకు రెండోది జవాబు. ఈ రెండు జవాబుల హద్దులు ఒకచోట కచ్చితంగా కలుస్తాయి, మిగతాచోట్ల కలవవు. గందరగోళమంతా అక్కడే పుడుతుంది.

ఈ పొరల్లో అన్నిటికంటే పైదాన్ని, ఖండాల కింది భూపటలాన్ని కూడా మనిషి అడుగంటా తొలిచి చూడలేదు. సోవియట్ శాస్త్రవేత్తలు 1970లో కోలా ద్వీపకల్పంలో మొదలుపెట్టిన బోరు 1989 నాటికి 12,262 మీటర్ల లోతుకు చేరి అక్కడితో ఆగిపోయింది. దాదాపు 100 డిగ్రీల సెల్సియస్ వేడి ఉంటుందని అంచనా వేసుకున్న చోట 180 డిగ్రీలు ఎదురైంది; ఆ వేడిలో రాయి గట్టిదనం కోల్పోయి తవ్వకం అసాధ్యమైంది. 6,371 కిలోమీటర్ల భూమి వ్యాసార్థంలో ఆ లోతు ఐదు వందల వంతుల్లో ఒక వంతు. సముద్రం అడుగున భూపటలం పలుచగా ఉంటుంది కనుక అక్కడి నుంచి దిగుదామని అమెరికన్లు మోహోల్ ప్రాజెక్టు చేపట్టి, 1961లో మెక్సికో తీరానికి ఆవల మూడున్నర కిలోమీటర్ల నీటి కింద సముద్రపు అడుగులోకి 183 మీటర్లు తొలిచారు. 1966లో నిధులు నిలిచిపోవడంతో ఆ పని కూడా ఆగిపోయింది. కాబట్టి ఇంతకంటే లోతు గురించి చెప్పే ప్రతి మాటా పరోక్ష సాక్ష్యం మీద నిలబడినదే.

ఆ సాక్ష్యాల్లో పాతది భూమి బరువు. హెన్రీ కావెండిష్ 1798లో సీసపు గోళాల మధ్య ఉండే అతి స్వల్పమైన ఆకర్షణను కొలిచి, భూమి సగటు సాంద్రత నీటి సాంద్రతకు దాదాపు ఐదున్నర రెట్లని తేల్చారు. నేటి విలువ 5.51. కాళ్ల కింద కనిపించే గ్రానైట్ సాంద్రత 2.7, బసాల్ట్ సాంద్రత 3.0 మాత్రమే. పైనున్నది ఇంత తేలికైనప్పుడు లోపలున్నది సగటు కంటే ఎంతో బరువైనదై ఉండాలి. లోతుకు వెళ్లేకొద్దీ ఒత్తిడికి రాయి దట్టపడుతుందన్నది నిజమే గాని, అదొక్కటే ఇంత తేడాను పూడ్చలేదు. పైగా అంతటా ఒకే సాంద్రత ఉన్న గోళానికి జడత్వ భ్రామక గుణకం (బరువు కేంద్రం నుంచి ఎంత దూరంగా పరుచుకుని ఉందో చెప్పే సంఖ్య) 0.4 ఉండాల్సి ఉండగా భూమికి అది 0.33 మాత్రమే ఉంది. అంటే బరువంతా కేంద్రం వైపు పోగుపడి ఉంది. రాలిపడే ఉల్కల్లో కొన్ని ఇనుము, నికెల్ కలిసిన లోహపు ముద్దలే కావడం కూడా ఒక ఆధారం. వీటిని కలిపి చూసిన జర్మన్ శాస్త్రవేత్త ఎమిల్ వీషెర్ట్ 1890లలో లోపల ఇనుప గోళం, దాని చుట్టూ రాతి కవచం అన్న నమూనాను ప్రతిపాదించారు. అయితే బరువు లెక్కలు లోపల ఎంత ద్రవ్యం ఉందో చెప్పగలవు గాని, ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నిర్ధారించలేవు.

ఆ పని భూకంపాలు చేశాయి. భూకంపం వచ్చినప్పుడు భూమి లోపలి గుండా రెండు రకాల తరంగాలు బయలుదేరతాయి. పీ తరంగాలు తాము వెళ్లే దిశలోనే పదార్థాన్ని నొక్కుతూ వదులుతూ సాగుతాయి కాబట్టి రాతిలోనూ ద్రవంలోనూ ప్రయాణించగలవు. ఎస్ తరంగాలు పదార్థాన్ని అడ్డంగా కదుపుతాయి. అలా పక్కకు జరిపినప్పుడు ఎదురు తిరిగి మళ్లీ యథాస్థానానికి వచ్చే గుణం ద్రవానికి లేదు కనుక అవి ద్రవంలోకి ప్రవేశించలేవు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేసిన రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ 1897 జూన్ 12 నాటి అస్సాం మహా భూకంపాన్ని అధ్యయనం చేస్తూ, దూరదేశాల్లో నమోదైన రేఖల్లో పీ, ఎస్, ఉపరితల తరంగాలు మూడూ వేర్వేరుగా వచ్చి చేరాయని గుర్తించారు. ఇక ముందు కథంతా ఈ తరంగాలు ఏ చోటికి ఎప్పుడు చేరాయి, ఏ చోటికి చేరలేదు అన్న లెక్కే.

1909 అక్టోబరు 8న జాగ్రెబ్ సమీపంలో వచ్చిన భూకంపం నమోదులను పరిశీలించిన క్రొయేషియా శాస్త్రవేత్త ఆండ్రియా మొహొరొవిచిక్ ఒక వింత గమనించారు. కొంత దూరంలో ఉన్న కేంద్రాల్లో ఒక పీ, ఒక ఎస్ రావలసిన చోట రెండేసి నమోదయ్యాయి. ఒక జత పైపొరలోంచి నేరుగా వచ్చినది. మరో జత కిందికి దిగి, వేగం ఎక్కువగా ఉన్న పొర వెంట ప్రయాణించి పైకి వచ్చినది. దూరం తక్కువైతే నేరుగా వచ్చినదే ముందుంటుంది, దూరం పెరిగేకొద్దీ చుట్టుతిరిగి వచ్చినదే ముందు చేరుతుంది. పీ తరంగాల వేగం సెకనుకు ఆరేడు కిలోమీటర్ల నుంచి ఎనిమిది కిలోమీటర్లకు ఒక్కసారిగా మారే హద్దు ఉంటే తప్ప ఇది కుదరదు. ఆయన ఆ హద్దును 54 కిలోమీటర్ల లోతున లెక్కగట్టారు. మోహో విచ్ఛిన్నత అని పిలిచే ఈ హద్దు ఖండాల కింద సగటున 35 కిలోమీటర్ల లోతున, హిమాలయాలు, టిబెట్ కింద 70 కిలోమీటర్ల వరకు, మహాసముద్రాల అడుగున కేవలం ఆరేడు కిలోమీటర్ల కింద ఉంటుందని తర్వాతి పరిశీలనలు నిర్ధారించాయి. భూపటలం ముగిసేది ఇక్కడే.

కేంద్రకం ఆచూకీ అంతకుముందే దొరికింది. ఓల్డ్‌హామ్ 1906లో, భూమికి అవతలి వైపు చేరే తరంగాలు అనుకున్న దానికంటే ఆలస్యమవుతున్నాయంటే నడుమ వాటిని నెమ్మదింపజేసే వేరే పదార్థమేదో ఉందని వాదించారు. దాని పరిమాణం విషయంలో ఆయన లెక్క తక్కువగా వచ్చింది. బెనో గుటెన్‌బర్గ్ 1914 నాటికి ఆ హద్దును 2,900 కిలోమీటర్ల లోతున నిర్ధారించారు. నేడు ఒప్పుకునే విలువ 2,891. ఒక శతాబ్దం గడిచినా తొమ్మిది కిలోమీటర్లే సవరించాల్సి వచ్చిందంటే ఆ లెక్క ఎంత పకడ్బందీగా చేశారో తెలుస్తుంది. భూకంప స్థానం నుంచి 104 డిగ్రీల కోణీయ దూరం (భూమి కేంద్రం దగ్గర కొలిచే కోణం) దాటాక నేరుగా వచ్చే ఎస్ తరంగాలు ఎక్కడా కనిపించవు. పీ తరంగాలు కూడా 104 నుంచి 140 డిగ్రీల దాకా మాయమై, ఆ తర్వాత ఆలస్యంగా, బలంగా మళ్లీ ప్రత్యక్షమవుతాయి. నడుమ ఉన్న ఈ పట్టీని ఛాయా మండలం అంటారు. ఎస్ తరంగాలు దాటలేకపోతున్నాయి కాబట్టి కేంద్రకం ద్రవమని వెంటనే తేలిపోయిందనుకుంటాం గాని, ఆ నిర్ణయానికి రావడానికి 1926 దాకా పట్టింది. చంద్రుడి ఆకర్షణకు భూమి మొత్తం ఎంత వంగుతోందో చూసిన హెరాల్డ్ జెఫ్రీస్, రాతి కవచానికి తరంగాలు చూపిస్తున్న గట్టిదనంతో పోలిస్తే భూమి సగటు గట్టిదనం చాలా తక్కువగా ఉందని, లోపల ద్రవం ఉంటే తప్ప ఆ తేడాకు కారణం చెప్పలేమని నిరూపించారు.

అక్కడితో కథ ముగిసి ఉండవలసింది, కాని ఛాయా మండలంలో నీడ పూర్తిగా పడలేదు. 1929 జూన్‌లో న్యూజిలాండ్‌లో వచ్చిన పెద్ద భూకంపం నమోదులను డెన్మార్క్ భూకంప శాస్త్రవేత్త ఇంగె లేమన్ పరిశీలించినప్పుడు, ఏమీ ఉండకూడని చోట బలహీనమైన పీ తరంగాల జాడలు కనిపించాయి. అవి స్వెర్ద్‌లోవ్‌స్క్, ఇర్కూత్‌స్క్ వంటి దూరపు కేంద్రాల్లోనూ నమోదయ్యాయి. కొందరు వాటిని హద్దు అంచున చెదిరి వచ్చిన తరంగాలని కొట్టిపారేశారు. లేమన్ ఆ వివరణను ఒప్పుకోలేదు. కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో ఏ కేంద్రానికి ఏ తరంగం ఎన్ని గంటలకు చేరిందో అట్టముక్కల మీద రాసి ఓట్స్ డబ్బాల్లో వరుసగా పేర్చుకుని ఆమె పనిచేసేవారని బంధువొకరు తర్వాత గుర్తుచేసుకున్నారు. ద్రవ గోళం మధ్యలో మరో చిన్న గోళం ఉందనీ, దానిలో వేగం హఠాత్తుగా పెరగడం వల్ల కొన్ని తరంగాలు దారి మళ్లి ఛాయా మండలంలోకి వస్తున్నాయనీ ఆమె 1936లో ప్రకటించారు. ఆ వ్యాసానికి పెట్టిన శీర్షిక పీ అనే ఒక్క అక్షరం, దానిపై ఒక గీత. ఇంత పెద్ద ఆవిష్కరణను ఇంత పొదుపైన పేరుతో ప్రకటించిన సందర్భాలు విజ్ఞానశాస్త్రంలో అరుదు. ఆ లోపలి గోళం వ్యాసార్థం సుమారు 1,220 కిలోమీటర్లు. అది ఘనపదార్థమేనన్న వాదన 1940లలో మొదలై, పెద్ద భూకంపాల తర్వాత భూగోళమంతా కంపించే తీరును విశ్లేషించాక 1971లో బలపడింది.

ఇప్పుడు మొదటి జాబితా చూద్దాం. పదార్థాన్ని బట్టి విభజిస్తే భూమికి ప్రధానంగా మూడు పొరలే. భూపటలంలో ఖండాల భాగం గ్రానైట్ తరహా తేలిక శిలలతోనూ, సముద్రపు అడుగు భాగం బసాల్ట్‌తోనూ ఏర్పడ్డాయి. మొత్తం కలిపినా భూమి ద్రవ్యరాశిలో ఒక్క శాతం కూడా ఉండదు. దాని కింద మెగ్నీషియం, ఇనుము ఎక్కువగా ఉండే సిలికేట్ శిలలతో కూడిన భూప్రావారం ఉంది. భూమి ఘనపరిమాణంలో 84 శాతం ఇదే. దాని కింద ఇనుము, కొంత నికెల్ ఉన్న కేంద్రకం. పరిమాణంలో ఇది ఆరో వంతే అయినా ద్రవ్యరాశిలో మూడో వంతు దాకా ఉంటుంది. సియాల్ (సిలికాన్, అల్యూమినియం), సిమా (సిలికాన్, మెగ్నీషియం), నిఫే (నికెల్, ఇనుము) అన్న పాత పేర్లు ఇప్పటికీ కొన్ని పుస్తకాల్లో ఉన్నాయి. అవి కూడా పదార్థాన్ని బట్టి చేసిన విభజనే; తరంగాల నమోదులు సమృద్ధిగా లేని కాలంలో చేసినది కనుక వాటిని చరిత్రగా చదవడమే మేలు.

రెండో జాబితా ప్రవర్తనకు సంబంధించినది. భూపటలమూ, దాన్ని అంటుకుని ఉన్న భూప్రావారపు పైభాగమూ కలిసి చల్లగా, గట్టిగా, ఒకే పలకలా కదులుతాయి. ఈ రెండూ కలిసిందే శిలావరణం. దాని కింద, అదే భూప్రావారంలో, వేడెక్కి మెత్తబడిన ఆస్థెనోస్ఫియర్ ఉంటుంది. ఈ రెండింటి మధ్య హద్దు పదార్థం మారే చోట లేదు, ఉష్ణోగ్రత సుమారు 1,300 డిగ్రీలకు చేరే చోట ఉంది. మోహోకూ దీనికీ ఉన్న తేడా సముద్రం అడుగున బాగా బయటపడుతుంది. సముద్ర మధ్య పర్వతశ్రేణి వద్ద కొత్త పలక పుట్టినప్పుడు శిలావరణం మందం కొన్ని కిలోమీటర్లే. ఆ పలక దూరం జరుగుతూ కోట్ల ఏళ్లపాటు చల్లబడేకొద్దీ కిందనున్న వేడి రాయి కూడా చల్లారి గట్టిపడి దానికే అతుక్కుంటుంది. మందం 100 కిలోమీటర్ల దాకా పెరుగుతుంది. ఇంత జరిగినా మోహో ఉన్నచోటే, ఆరేడు కిలోమీటర్ల లోతునే ఉంటుంది. నిన్న ఆస్థెనోస్ఫియర్‌లో భాగమైన రాయి, ఒక్క పరమాణువు కూడా మారకుండా, చల్లబడినంత మాత్రాన రేపు శిలావరణంలో భాగమవుతుందన్న మాట. అందుకే శిలావరణాన్ని భూపటలానికి పర్యాయపదంగా వాడకూడదు. పాత ఖండాల నడిభాగాల కింద శిలావరణం 200 కిలోమీటర్లకు పైగా మందం ఉంటుంది.

మెత్తబడింది అనగానే చాలామంది మనసులో మెదిలేది ఎర్రగా మరిగే లావా సముద్రం. ఈ విషయంలో ఇంతకంటే విస్తృతంగా పాతుకుపోయిన అపోహ మరొకటి లేదు. ఎస్ తరంగాలు మోహో నుంచి 2,891 కిలోమీటర్ల దాకా భూప్రావారమంతటా నిరాటంకంగా ప్రయాణిస్తాయి. ద్రవమైతే అది సాధ్యం కాదు. భూప్రావారం ఘనపదార్థం, కాని నిదానంగా ప్రవహించే ఘనపదార్థం. తారు గడ్డను సుత్తితో కొడితే పెళుసుగా పగులుతుంది. అదే తారును గరాటులో వదిలేస్తే ఏళ్ల తరబడి కిందికి జారుతుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 1930లో మూతి తెరిచిన అలాంటి గరాటు నుంచి 2014 నాటికి తొమ్మిది బొట్లు రాలాయి. సెకన్లలో సాగే భూకంప తరంగానికి భూప్రావారం ఉక్కులాంటి ఘనం; లక్షల ఏళ్ల లెక్కలో అదే ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున పారే పదార్థం. దీనికి సాక్ష్యం పైనే కనిపిస్తుంది. మంచు యుగంలో కిలోమీటర్ల మందాన పేరుకున్న మంచు బరువుకు కుంగిన స్కాండినేవియా నేల, ఆ మంచు కరిగి పది వేల ఏళ్లు దాటినా, బోత్నియా సింధుశాఖ తీరంలో నేటికీ ఏడాదికి ఇంచుమించు ఒక సెంటీమీటరు చొప్పున పైకి లేస్తోంది. కింద నుంచి పక్కకు తొలగిన రాయి తాపీగా తిరిగి వస్తోంది. మరి అగ్నిపర్వతాల లావా ఎక్కడిదంటే, వేడి రాయి పైకి లేచి ఒత్తిడి తగ్గినప్పుడో, కిందికి దిగిన సముద్రపు పలక మోసుకెళ్లిన నీరు కరిగే ఉష్ణోగ్రతను తగ్గించినప్పుడో, కొద్ది భాగం మాత్రం అక్కడికక్కడ కరిగి పుట్టినది.

ఈ రెండు జాబితాల్లో దేనికీ చెందని హద్దులు కూడా ఉన్నాయి. 410, 660 కిలోమీటర్ల లోతుల్లో తరంగాల వేగం మెట్టుమెట్టుగా పెరుగుతుంది. అక్కడ పదార్థం పెద్దగా మారదు, ఘనం ద్రవం కాదు; ఒత్తిడికి పరమాణువుల అమరిక మాత్రం మారుతుంది. ఆలివిన్ అనే ఆకుపచ్చ ఖనిజం 410 కిలోమీటర్ల దగ్గర వాడ్స్లేయైట్‌గా, మరింత లోతున రింగ్‌వుడైట్‌గా, 660 దగ్గర విడిపోయి బ్రిడ్జ్‌మనైట్, మరో ఆక్సైడ్‌గా మారుతుంది. భూమిలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్న ఖనిజం బ్రిడ్జ్‌మనైటే అయినా, దానికి 2014 దాకా అధికారిక పేరు లేదు, ఎందుకంటే సహజమైన నమూనా చేతికందనిదే ఖనిజానికి పేరు పెట్టకూడదన్నది నియమం. చివరికి ఒక ఉల్కలో అది దొరికింది. అదే ఏడాది బ్రెజిల్‌లోని జుయీనా ప్రాంతంలో దొరికిన, మూడు మిల్లీమీటర్ల వెడల్పున్న గోధుమరంగు వజ్రం లోపల కంటికి ఆననంత చిన్న రింగ్‌వుడైట్ రేణువు చిక్కుకుని ఉన్నట్టు శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఆ రేణువు బరువులో ఒక శాతానికి పైగా నీరు, స్ఫటికంలో ఇమిడిన రూపంలో ఉంది. తరంగాలు మాత్రమే చూసి వచ్చిన లోతు నుంచి ఒక ముక్క పైకి వచ్చి లెక్కను ధ్రువీకరించిన అరుదైన సందర్భమిది.

2,891 కిలోమీటర్ల దగ్గర మాత్రం రెండు జాబితాల హద్దులూ కచ్చితంగా కలుస్తాయి: రాయి ముగిసి లోహం మొదలవుతుంది, ఘనం ముగిసి ద్రవం మొదలవుతుంది. సాంద్రత 5.6 నుంచి 9.9కి దూకుతుంది; సముద్రపు నీటికీ దాని అడుగు రాతికీ ఉన్న తేడా కంటే ఇది ఎంతో పెద్దది. పీ తరంగాల వేగం సెకనుకు 13.7 కిలోమీటర్ల నుంచి 8.1కి పడిపోతుంది. ఈ హద్దు పైన భూప్రావారపు అడుగు నున్నగా లేదు. ఆఫ్రికా కింద ఒకటి, పసిఫిక్ కింద ఒకటి, ఎస్ తరంగాలు నెమ్మదించే ఖండమంతటి గుట్టలు రెండున్నాయి. అవి వేడి వల్ల అలా ఉన్నాయా, పదార్థమే వేరా అన్నదానిపై వాదోపవాదాలు నడుస్తున్నాయి. ఇక్కడ కూడా తేలనిది మన మొదటి రెండు ప్రశ్నల మధ్య తగవే.

ఇక కేంద్రకంలో పదార్థం ఇంచుమించు ఒకటే అయినా బయటి భాగం ద్రవం, లోపలి భాగం ఘనం. 5,150 కిలోమీటర్ల దగ్గరి ఈ హద్దు ప్రవర్తనను బట్టి ఏర్పడింది. కేంద్రంలో ఉష్ణోగ్రత 5,000 నుంచి 6,000 డిగ్రీల మధ్య ఉంటుందని అంచనా; ఉపరితలంలో ఇనుము 1,538 డిగ్రీలకే కరుగుతుంది. అంత వేడిలో లోపలి గోళం గడ్డకట్టి ఉండడానికి కారణం ఒత్తిడి. భూమి కేంద్రంలో అది వాతావరణ పీడనానికి 36 లక్షల రెట్లు. ఒత్తిడి పెరిగేకొద్దీ ఇనుము కరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది, ఆ పెరుగుదల అసలు ఉష్ణోగ్రత పెరుగుదల కంటే వేగంగా ఉంటుంది. రెండు రేఖలూ ఖండించుకునే లోతే అంతర కేంద్రకపు అంచు. బాహ్య కేంద్రకం స్వచ్ఛమైన ఇనుము కాదని, దాని సాంద్రత ఇనుము కంటే తక్కువని అమెరికన్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ బర్చ్ 1952లో చూపించారు. ఆ తగ్గిన మేరకు ఆక్సిజన్, సల్ఫర్, సిలికాన్ వంటి తేలిక మూలకాలు కలిసి ఉండాలి.

భూమి అయస్కాంత క్షేత్రం పుట్టేది ఈ ద్రవ లోహంలోనే. నడుమ శాశ్వత అయస్కాంతం ఉందన్న ఊహ నిలవదు, ఎందుకంటే ఇనుము 770 డిగ్రీలు దాటగానే తన అయస్కాంతత్వాన్ని కోల్పోతుంది. విద్యుత్తును చక్కగా ప్రసరింపజేసే ద్రవ లోహం ఏడాదికి కిలోమీటర్ల లెక్కన సుడులు తిరుగుతూ, తనలో పుట్టిన విద్యుత్ ప్రవాహాలతో క్షేత్రాన్ని నిలబెడుతోంది. ఆ సుడులకు శక్తి రెండు దారుల్లో అందుతుంది. మొదటిది వేడి పైకి పోవడం. రెండోది మరింత ఆసక్తికరమైనది: భూమి చల్లబడేకొద్దీ అంతర కేంద్రకపు అంచున ఇనుము గడ్డకడుతుంది, గడ్డకట్టేటప్పుడు తేలిక మూలకాలను చాలావరకు బయటికి నెట్టేస్తుంది, అలా మిగిలిన తేలిక ద్రవం పైకి లేస్తూ మొత్తం కేంద్రకాన్ని కలియబెడుతుంది. ఈ క్రమంలో లోపలి గోళం వ్యాసార్థం ఏడాదికి ఇంచుమించు ఒక మిల్లీమీటరు పెరుగుతోంది.

చిక్కంతా ఆ లెక్కలోనే ఉంది. ఆ వేగంతో 1,220 కిలోమీటర్లు పెరగడానికి వంద కోట్ల ఏళ్లకు అటూఇటూ పడుతుంది. వేర్వేరు బృందాల అంచనాలు 50 కోట్ల నుంచి 150 కోట్ల ఏళ్ల వరకు ఉన్నాయి. కాని దాదాపు 340 కోట్ల ఏళ్ల నాటి శిలల్లో కూడా అయస్కాంత క్షేత్రం వదిలిన ముద్ర ఉంది. అంటే లోపలి గోళం పుట్టకముందే, తేలిక ద్రవాన్ని పైకి నెట్టే యంత్రాంగం లేని కాలంలోనే, కేంద్రకం సుడులు తిరుగుతూ క్షేత్రాన్ని నిలబెట్టింది. ఆ పనికి అప్పట్లో కేంద్రకం చల్లబడే వేగమే సరిపోయిందా, మెగ్నీషియం ఆక్సైడ్ వంటి పదార్థాలు ద్రవంలోంచి విడివడి పైకి తేలడం తోడ్పడిందా అన్నది ఇప్పుడు ప్రయోగశాలల్లో, రెండు వజ్రాల మొనల మధ్య ఇనుమును నొక్కి, లేజరుతో వేడిచేసి, అది ఎంత వేడిని ప్రసరింపజేస్తుందో కొలిచి తేల్చే ప్రయత్నం జరుగుతోంది.